లెక్కల ఖర్చు ఏ యేటిది?



నేఁడు నేను ముచ్చటింపఁబూనిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. ఒక చిన్న కంపెనీ సంవత్సరాంతమున తన లెక్కలను మూయునప్పుడు, ఆ లెక్కలు వ్రాసినవానికిని, వానిని పరిశోధించు ఆడిటరునకును ఇయ్యవలసిన సొమ్మును ఏ సంవత్సరపు ఖర్చులో చూపవలెను? మార్చి 31వ తేదీతో సంవత్సరము ముగియును. ఆడిటరు వచ్చునది ఆషాఢములోనో శ్రావణములోనో. అతఁడు బిల్లు పంపునది అటుపిమ్మట. అట్టియెడ ఆ ఖర్చు గడచిన యేటిదా, నడచుచున్న యేటిదా? ప్రశ్న యింతమాత్రమే. కాని దీనివలన ఊళ్లలో మాటలు పెరుగుటయు, నిరపరాధులు నిందలు మోయుటయు నేను చూచియున్నాను.

కంపెనీ యనఁగానే పట్టణపు మేడలు మనసునకు వచ్చును గాని, నేఁడు కంపెనీలు మన పల్లెలలోనే యున్నవి. 2002వ సంవత్సరమున కంపెనీల చట్టమును సవరించి, పదిమంది గాని అంతకు మించి గాని రైతులు కూడి ‘ఉత్పత్తిదారుల కంపెనీ’ని స్థాపించుకొనుటకు వీలు కల్పించిరి. ఆ విధులే 2020 నాటి సవరణచే 2013వ సంవత్సరపు చట్టములో చేరినవి. 2020 ఫిబ్రవరి 29వ తేదీన కేంద్రప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకము నారంభించెను. వానిలో పెక్కు కంపెనీలుగానే నమోదైనవి. మన జనులు వీనిని ఎఫ్.పి.ఓ. లందురు. ఆ పథకము క్రింద నిర్వహణపు ఖర్చులకై ఒక్కొక్క సంఘమునకు మూఁడేండ్లలో 18 లక్షల రూపాయలకు మించకుండ సాయము లభించును. కార్యనిర్వాహకుని జీతమును, గుమాస్తా జీతమును అందుండియే గడచును. నాల్గవ యేటినుండి ఆ భారము రైతుల రాశిమీఁదనే పడును. అప్పుడు గాని లెక్కల ఖర్చు అనునదొకటి కలదని సభ్యులకు తోఁపదు.

నేను చదివినది భాషాప్రవీణ. బోధించినది తెలుఁగును సంస్కృతమును. ‘ఈ ముసలి పంతులునకు కంపెనీ లెక్కలతో నేమి పని?’ అని మీ రడుగవచ్చును. మా మేనమామగారు కరణీకము చేసినవారు. 1984లో కరణీకములు రద్దగు వఱకు వారింటి అటకమీఁది చిట్టాలును ఆవర్జాలును చూచుచు పెరిగితిని. ఉద్యోగవిరమణానంతరము మా ప్రాంతపు రైతులు తమ కంపెనీల వార్షిక లెక్కలను చదివి తెలుఁగున చెప్పుమని నన్ను పిలుచుచుందురు. ఇంగ్లీషు మాటల పొట్టు తీసి చూచితినేని, లోపలి గింజ మనకు తెలిసినదే.

లెక్కలు వ్రాయుటకు రెండు త్రోవలు కలవు. చేతికి రొక్కము వచ్చినప్పుడు జమ, చేతినుండి పోయినప్పుడు ఖర్చు వ్రాయుట మొదటిది. మన యిండ్లలో అందఱును చేయున దిదియే. రెండవది, హక్కు గలిగిననాఁడే జమయు, బాధ్యత గలిగిననాఁడే ఖర్చును వ్రాయుట. రొక్కము ముందు కదలినను వెనుక కదలినను దానితో పని లేదు. దీనిని ప్రాప్తపద్ధతి యందము. 1988 నాటి సవరణ మొదలుకొని మన దేశమున కంపెనీలన్నియు ఈ రెండవ పద్ధతిని, జమ ఖర్చు రెండువైపుల పద్దులతో, అనుసరింపవలెనని శాసనము. 2013వ సంవత్సరపు చట్టమును అట్లే చెప్పుచున్నది. కాఁబట్టి ‘మాది చిన్న కంపెనీ, మేము రొక్కపు లెక్కయే వ్రాసికొందుము’ అనుటకు వీలు లేదు. ఇల్లు వేఱు, కంపెనీ వేఱు.

ఈ పద్ధతి పరదేశపు వింత యని తలఁపకుఁడు. పూర్వము మన కళ్లములలో జరిగినదానిని పెద్దలు జ్ఞప్తికి తెచ్చుకొనుఁడు. వడ్రంగి యేఁడాది పొడుగున నాఁగళ్లు బాగుచేయును; కమ్మరి కఱ్ఱులు సాగఁగొట్టును. వారి కేదినమునకా దినము కూలి లేదు. పంట నూర్చి రాశి పోసిననాఁడు, భూస్వామియు కౌలుదారును పంచుకొనుటకు ముందే, ఆ ఉమ్మడి రాశినుండి వారి మేరలు తీసి యిచ్చెడివారు. ఇచ్చట గమనింపవలసిన మాట ‘ముందే’ యనునది. పంచుకొన్న పిమ్మట మేర లిచ్చుటకు పూనినయెడల ఎవరి పాలునుండి యీయవలెను? ఆ యేటి కౌలుదారు మఱుసటి యేఁడు వేఱొకఁ డైనచో, పాతవాఁడు దున్నిన నాఁగలికి క్రొత్తవాఁడు మేర యీయవలసివచ్చును గదా! ఏ రాశికై పని జరిగెనో ఆ రాశినుండియే ప్రతిఫలము. కంపెనీ వారు నేఁడు చెప్పునదియు నిదియే.

ఇఁక లెక్కల ఖర్చులన్నియు ఒక్క జాతివి గావు. వీనిని వేఱుచేసి చూడనిదే వివాదము తెగదు.

గుమాస్తాకు నెలకు 3,000 రూపాయల చొప్పున, మూఁడు నెలల కొకమారు ఇచ్చు ఏర్పా టున్న దనుకొనుఁడు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల సొమ్ము ఏప్రిలులో నిచ్చిరి. పని మార్చి 31 నాఁటికే ముగిసినది. ఆ 9,000 గడచిన యేటిదే. ఇందు ఎవ్వరికిని భిన్నాభిప్రాయము లేదు. అంతరంగిక ఆడిటు సంగతియు నట్టిదే. ఉత్పత్తిదారుల కంపెనీలు తమ నియమావళిలో చెప్పిన కాలములయందు చార్టర్డు అకౌంటెంటుచే అంతరంగిక పరిశోధన జరిపించుకొనవలెను. ఏఁటి నడుమ జరిగిన పని గనుక అదియు ఆ యేటి ఖర్చే.

చిక్కంతయు చట్టరీత్యా జరుగు ఆడిటుతోనే. మార్చి 31వ తేదీ రాత్రికి ఆడిటరు పుస్తకమునైన తెఱవలేదు. చేయని పనికి ఋణపడుట యెట్లు? ఈ ప్రశ్న తెలివితక్కువది గాదు. మన అకౌంటింగు ప్రమాణములలో 29వది, జరిగిపోయిన కార్యమువలన నేఁడు బాధ్యత యున్నప్పుడే అట్టి పద్దు వ్రాయవలెననియు, ముందుముందు నడపఁబోవు వ్యవహారపు ఖర్చులకు ఇప్పుడే పద్దు కట్టరాదనియు చెప్పుచున్నది. అంతర్జాతీయ ప్రమాణముల ననుసరించు పండితులలో పలువురు ఈ మాటనే పట్టుకొని, ఆడిటరు పని యెప్పుడు సాగునో ఆ ఖర్చు అప్పటిదే యందురు.

మన దేశమున ఆచారము వేఱు. పెద్ద కంపెనీ మొదలు పల్లె కంపెనీ వఱకు, ఏ యేటి లెక్కలను ఆడిటు చేయుదురో ఆ యేటి ఖర్చులోనే ఆడిటు రుసుమును చూపుట వాడుక. నేనును ఈ వాడుకవైపే మ్రొగ్గుదును. ఏలయనఁగా రాశి కొలుచువాఁడు కోఁతలైన పిమ్మటనే వచ్చును. అయినను అతని కొలతకూలి ఆ రాశిదే గాని వచ్చు పంటది గాదు. అదియుఁ గాక, చిన్న కంపెనీలో సభ్యుఁ డడుగు ప్రశ్న ఒక్కటే: ‘ఈ యేఁడు మన వ్యాపారము నడుపుటకు మొత్తము ఎంత పట్టినది?’ లెక్క తేల్చి చూపు ఖర్చు లేకుండ ఆ మొత్తము పూర్తి కాదు. ఏ త్రోవ పట్టినను దానిని ఏఁటేఁట మార్చక పట్టుట ముఖ్యము. లాభము హెచ్చుగా కనిపింపవలసిన యేఁడు ఒక త్రోవయు, తక్కువగా కనిపింపవలసిన యేఁడు మఱియొక త్రోవయు త్రొక్కుట లెక్క గాదు, కనికట్టు.

వార్షికసభ జరిగిన పిమ్మట రిజిస్ట్రారునకు పత్రములు దాఖలు చేయించుట, బ్యాంకు అప్పుకై ఏదో నివేదిక వ్రాయించుట మొదలగునవి మాత్రము ముమ్మాటికిని తరువాతి యేటివే. ఆలస్యమునకు పత్రమొక్కింటికి దినమునకు 100 రూపాయల అదనపు రుసుము 2018 నుండి కలదు. ఆ దండుగ ఆలస్యము జరిగిన కాలమునదే గాని లెక్కల సంవత్సరపుది గాదు.

కౌటిల్యుఁడు తన అర్థశాస్త్రమున 354 దినముల సంవత్సరమును చెప్పి, దానిని ఆషాఢ పూర్ణిమతో ముగించెను. అప్పుడు గణకులు ముద్రవేసిన పుస్తకములతోను, మిగిలిన ధనముతోను రాజధానికి రావలెను. వచ్చినవారు ఒకరితో నొకరు మాటలాడుకొనరాదు. జమ ఖర్చులు పోఁగా మిగిలినదానికి ఆయన పెట్టిన పేరు నీవి. మన ఆడిటర్లును ఆషాఢములోనే వచ్చుట కాకతాళీయము గావచ్చును. పరిశోధన యెప్పుడును సంవత్సరము ముగిసిన వెనుకనే గాని ముందు జరుగదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

ఇఁక నేను కన్నులార చూచిన యొక సంగతి చెప్పెదను. మా ప్రాంతమున వేరుశనగ రైతుల కంపెనీ యొకటి కలదు, పేరు చెప్పను. 2022-23వ సంవత్సరమున వారికి 90,000 రూపాయల మిగులు కనిపించినది. అందులో 60,000 రూపాయలను, ఎవ రెంత కాయ తెచ్చి పోసిరో ఆ లెక్కనుబట్టి, సభ్యులకు బోనసుగా పంచిరి. ఉత్పత్తిదారుల కంపెనీలో మిగులు పంచుట వాటాలనుబట్టి కాక, తెచ్చిన సరకునుబట్టి జరుగును. ఈ వ్యవస్థలోని సొగసే అది. అయితే ఆ లెక్కలో ఆడిటరు రుసుము 40,000 లేదు. దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 7,200 లేదు, గుమాస్తాకు రావలసిన కడపటి మూఁడు నెలల 9,000 లేదు. మొత్తము 56,200. ‘బిల్లు రాలేదు గదా, వచ్చిన యేఁడు చూచుకొందము’ అనిరఁట. నిజమైన మిగులు 33,800 మాత్రమే. లేని సొమ్ము 26,200 పంపకమైపోయినది.

మఱుసటి యేఁడు వానలు వెనుకఁబట్టినవి. తక్కిన ఖర్చులన్నియు పోఁగా 41,000 మిగిలియుండఁగా, పాత 56,200 వచ్చి నెత్తిమీఁద పడెను. కంపెనీకి 15,200 నష్టము. క్రిందటి యేఁడు బోనసు పుచ్చుకొన్నవారిలో కొందఱు ఈ యేఁడు తమ కాయను దళారికే అమ్ముకొనిరి. ఆ కరవులోను కంపెనీని నమ్మి గంపెడైనను తెచ్చి పోసినవారికి దక్కినది సున్న. పాతవారు తిన్న కూటికి క్రొత్తవారు విస్తరి యెత్తిరి.

సభ చేసిరి. మాటలు పెరిగినవి. అనుమానమంతయు లెక్కలు వ్రాయు కుఱ్ఱవానిమీఁదికి పోయినది. అతఁడు బి.కాం. చదివి పట్టణము పోక ఊరిలోనే నిలిచిన పిల్లవాఁడు. ‘పోయినేఁడు లాభము, ఈయేఁడు నష్టము; నడుమ సొమ్ము ఏమాయెరా అబ్బాయీ?’ అని ఒక పెద్దాయన నిండుసభలో నడిగెను. వాఁడు తలవంచుకొని ‘తాతా, నేను పైస ముట్టలేదు’ అని తప్ప మఱేమియు చెప్పలేకపోయెను. నన్ను పుస్తకము చూడుమనిరి. చూచితిని, పైస యెక్కడికిని పోలేదు. ఒక యేటి ఖర్చు మఱియొక యేటిలో కూర్చున్నది, అంతే. వడ్రంగి మేర మాట యెత్తి చెప్పఁగా పెద్దలకు వెంటనే బోధపడినది. అడిగిన ఆ పెద్దాయనయే ‘కళ్లములో మేర తీయకుండ రాశి పంచుకొంటిమా?’ అనెను. ఆ 56,200ను ‘క్రిందటి యేటి ఖర్చు’ అని వేఱుగా చూపుమనియు, ఈ యేటి ఆడిటు రుసుమును ఈ యేఁడే కట్టుమనియు చెప్పితిని. నష్టము ఇంకను పెరిగినది. పద్ధతి దిద్దుకొను యేఁడు రెండు భారములును మోయక తప్పదు. కాని ఆ కుఱ్ఱవానిమీఁది నింద ఆనాఁటితో తొలఁగినది. వాఁడిప్పుడును ఆ పనిలోనే యున్నాఁడు.

పద్దు వ్రాయు విధము సులభము. మార్చి 31వ తేదీన ‘ఆడిటు రుసుము’ అను ఖర్చు ఖాతాలో 40,000. ఎదుట ‘చెల్లింపవలసిన ఆడిటు రుసుము’ అను ఋణపు ఖాతాలో 40,000. కంపెనీకి జి.ఎస్.టి. తిరిగి జమ వచ్చు వీలు లేనిచో 47,200 చొప్పున వ్రాయవలెను. బిల్లు వచ్చి సొమ్ము చెల్లించిననాఁడు ఆ ఋణపు ఖాతాను కొట్టివేయవలెను గాని, క్రొత్తగా ఖర్చు వ్రాయరాదు. పెక్కుచోట్ల దెబ్బ తగులున దిచ్చటనే. గుమాస్తా పాత పద్దును మఱచి, చెల్లించిన సొమ్మును మరల ఖర్చులో వ్రాయును. ఒకే రుసుము రెండేండ్లలో రెండుమాఱులు ఖర్చగును. ఋణము తీఱియుండును, ఋణపుపద్దు మాత్రము బ్రతికియుండును. ఆస్తి అప్పుల పట్టికలో ఏఁటేఁట అదే 40,000 కదలక మెదలక కూర్చున్నచో, చూచిన పెద్దలు ‘ఇదేమి?’ అని యడుగవలెను. ఆ పట్టికలో ఈ యేటి అంకెయు, క్రిందటి యేటి అంకెయు ప్రక్కప్రక్కనే యుండును; చూచుటకు చదువు అక్కఱ లేదు, కన్ను చాలును.

అంచనాకు బిల్లునకు తేడా వచ్చిన నేమి చేయవలెను? 40,000 అనుకొనఁగా 43,000 వచ్చినచో, ఆ పై 3,000 బిల్లు వచ్చిన యేటి ఖర్చు. 38,000 వచ్చినచో 2,000 ఆ యేటి ఖర్చునుండి తగ్గును. అంత మాత్రమునకు పాత లెక్కలు విప్పఁ బనిలేదు. అయితే కొందఱు బుద్ధిమంతులు కలరు. లాభ మెక్కువైన యేఁడు లక్ష రూపాయలు ఆడిటు ఖర్చని వ్రాసి, మఱుసటి యేఁడు మిగిలినదానిని మెల్లగా జమ వేసికొందురు. అది ముందుచూపు గాదు, దాఁపఱికము. సభ్యులు ఒప్పుకొనరాదు.

పన్ను కోఁత విషయ మొకటి చెప్పవలసియున్నది. వృత్తినిపుణులకు ఇచ్చు రుసుము ఒక పరిమితి దాటినప్పుడు నూటికి పది చొప్పున ఆదాయపు పన్ను పట్టి ప్రభుత్వమునకు కట్టవలెను. ఆ పరిమితి 2025 మార్చి 31 వఱకు 30,000. ఏప్రిలు 1 నుండి 50,000. ఈ కోఁత సొమ్ము చెల్లించునప్పుడో, పద్దున జమకట్టునప్పుడో, ఏది ముందైన అప్పుడే చేయవలెను. కావున మార్చి 31న పద్దు వ్రాసి, ‘బిల్లు వచ్చినప్పుడు చూతము’ అని యూరకున్నచో కుదరదు. నేను చెప్పిన కంపెనీలో 40,000కు ఆనాఁడు 4,000 పట్టి, ఏప్రిలు నెలాఖరులోగా కట్టవలసియుండెను.

మఱియొక భ్రమ కలదు. పద్దు వ్రాసినంత మాత్రమున పెట్టెలో ధనము నిలువదు. కాగితముమీఁద 47,200 ఋణము చూపి, రొక్కమంతయు విత్తనాల బయానాలకు పోసినచో, శ్రావణమున ఆడిటరు ముందు చేతులు నులుముకొనవలసివచ్చును. కాయ అమ్మిన సొమ్ము చేతనున్నప్పుడే ఆ మొత్తమును బ్యాంకులో వేఱు ఖాతాలో వేయుట మేలు. శాసనము దీనిని విధింపలేదు. ఇది నా సలహా.

ఆడిటరు రుసుమును నిర్ణయించు అధికారము వార్షికసభది, అనఁగా మీది. మొదటి ఆడిటరును మాత్రము పాలకవర్గము నియమించి, అతని రుసుమును తానే నిర్ణయింపవచ్చును. తరువాత అంతయు సభలో జరుగవలెను. సామాన్యముగా సెప్టెంబరులో జరుగు ఆ సభకు మీరు పోవుదురు. హాజరుపట్టీలో చేవ్రాలు చేసి, ఫలహారము పుచ్చుకొని వచ్చెదరు. ఈమాఱు రుసుము ఎంతయో అంకెలలో చెప్పించి, జి.ఎస్.టి. చేరినదో లేదో అడిగి, ఆ మాటను తీర్మానపు పుస్తకమున వ్రాయించుఁడు. దాని ప్రతి యొకటి గుమాస్తా ఆవర్జాలో నుండవలెను. మార్చి నెలాఖరున అతఁడు ఆ కాగితమును చూచియే పద్దు వ్రాయును.